మూడో వారంలో మోకాలు ఎందుకు పట్టేస్తుంది?

షుగరు పరీక్ష రిపోర్టు చేతికొచ్చిన మర్నాడు చాలామందికి నడక గుర్తొస్తుంది. కొత్త బూట్లు, అడుగులు లెక్కపెట్టే ఫోను యాప్, తెల్లవారుజామున అలారం. మొదటి వారం నాలుగు వేల అడుగులు, రెండో వారం ఎనిమిది వేలు. ఆ ఊపులో లిఫ్టు మానేసి ఐదో అంతస్తు దాకా మెట్లే. ఆయాసం తగ్గుతుంది, రాత్రి నిద్ర పడుతుంది, బెల్టు ఒక చిల్లు లోపలికి జరుగుతుంది. సరిగ్గా అప్పుడే, మూడో వారంలో ఒక పొద్దున మెట్టు దిగబోతే మోకాలి చిప్ప వెనక ఎవరో సూదితో పొడిచినట్టవుతుంది. పడింది లేదు, దెబ్బ తగిలింది లేదు, కాలు మడత పడింది లేదు.

నాకిది నలభై ఆరో ఏట జరిగింది. ఆ ఏడాది అలిపిరి మెట్ల దారిన కొండెక్కుతానని మొక్కుకుని, అందుకోసమే నడక మొదలుపెట్టాను. మోకాలు పట్టేయగానే ఇంటా బయటా ఒకటే తీర్పు వచ్చింది: గుజ్జు అరిగిపోయింది. మోకాలి గురించి మన ఇళ్లలో ఉన్న వైద్యజ్ఞానమంతా ఆ ఒక్క మాటలో సర్దుకుని కూర్చుంది. గోడల మీది నూనె ప్రకటనలు చెప్పేది అదే, పెళ్లిలో పక్క కుర్చీ పెద్దాయన చెప్పేదీ అదే. ఆ మాట విన్న మనిషి చేసే మొదటి పని బూట్లు అటక మీద పెట్టేయడం. ఈ వ్యవహారంలో మోకాలికి అసలు నష్టం అక్కడ మొదలవుతుందని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ మూడు వారాల్లో ఒంట్లో ఏం జరిగిందో చూడాలి.

వ్యాయామం మొదలుపెట్టగానే శరీరమంతా ఒకే వేగంతో మారదు. రక్తంలో ద్రవభాగం కొన్ని రోజుల్లోనే పెరుగుతుంది, గుండె ఒక్కో దెబ్బకు తోసే రక్తం ఎక్కువవుతుంది. అందుకే రెండు వారాల్లో ఆయాసం తగ్గిపోతుంది. కండరాలది ఇంకో లెక్క. మొదట్లో పెరిగే బలం చాలావరకు నరాల పుణ్యం. ఉన్న కండనే బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి తప్ప కొత్త కండ కనిపించేంతగా పెరగడానికి నెలన్నర, రెండు నెలలు పడుతుంది. కండరాన్ని ఎముకకు కట్టే తాడులాంటి టెండన్లకు రక్తసరఫరా తక్కువ, అవి గట్టిపడటానికి నెలలు కావాలి. ఎముక అయితే కొత్త బరువుకు తగ్గట్టు మారేముందు పాత భాగాన్ని తవ్వి తీసేస్తుంది, తర్వాతే పూడ్చుకుంటుంది. ఆ చుట్టు పూర్తి కావడానికి మూడు నాలుగు నెలలు. అంటే కొత్తగా పరుగు మొదలుపెట్టిన మనిషి ఎముక, బలపడేముందు కొన్ని వారాలు కాస్త బలహీనంగా కూడా ఉంటుంది.

జోడెద్దుల్లో ఒక గిత్త ఉరకలు వేస్తుంటే రెండోది ఇంకా కాడికే అలవాటు పడకపోతే బండి ఎలా నడుస్తుందో ఊహించుకోండి. మూడో వారంలో మన పరిస్థితి అది. "ఇంకో రెండు కిలోమీటర్లు నడవగలను" అని చెప్పేది గుండె, ఊపిరితిత్తులు. వాటి మాట నిజమే, కానీ అవి మోకాలి తరఫున మాట్లాడటం లేదు. నలభైలు దాటి కొత్తగా మొదలుపెట్టినవారికి ఈ తేడా మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ గిత్త ఏళ్ల తరబడి కొట్టంలోనే ఉండిపోయింది. 2022 నాటి అంచనా ప్రకారం మన దేశంలో పెద్దవారిలో దాదాపు సగం మంది ఆరోగ్యానికి చాలినంతగా కదలడం లేదు.

పైగా అన్ని అడుగులూ ఒకే బరువు వేయవు. స్థూలంగా వాడే లెక్క ఒకటుంది. చదునైన నేల మీద నడిచేటప్పుడు మోకాలి చిప్ప వెనక పడే ఒత్తిడి శరీర బరువులో సగం దగ్గర ఉంటుంది. మెట్ల మీద అది మూడు రెట్లు దాటుతుంది. గొంతుకూర్చుంటే ఏడెనిమిది రెట్లు. డెబ్బై కిలోల మనిషికి నడకలో ముప్ఫై అయిదు కిలోలనుకుంటే, మెట్ల మీద రెండు వందల పైన, గొంతుకూర్చుంటే ఐదు వందల కిలోల దగ్గర అన్నమాట. అడుగులు లెక్కపెట్టే యాప్‌కు ఈ తేడా తెలియదు. పార్కులో వేసిన వంద అడుగులూ, మెట్ల మీద వేసిన వంద అడుగులూ దానికి వందే. నా విషయంలో నడక పాపం తక్కువ, ఐదంతస్తుల మెట్లదే ఎక్కువ. దిగేటప్పుడు ఇంకా కష్టం. ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుదించుకుంటూ పనిచేస్తుంది, దిగేటప్పుడు సాగుతూనే బరువును ఆపాలి. అందుకే ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు మోకాలు ఆగదు.

గుజ్జు గురించి రెండు మాటలు

మనం గుజ్జు అనే మాటను రెండు వేర్వేరు వాటికి వాడుతున్నాం. ఎముకల చివర నున్నగా, తెల్లగా పరుచుకున్న మృదులాస్థి ఒకటి. కీలు మధ్య జిగురుగా ఉండే ద్రవం రెండోది. మొదటిది కొంతవరకు అరుగుతుంది, నిజమే. అయితే దానిలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. నరాలు లేనిది నొప్పి ఎలా చెబుతుంది?

దీనికి సమాధానం వెతకడానికి స్కాట్ డై అనే అమెరికన్ ఎముకల శస్త్రవైద్యుడు తన మోకాలినే ప్రయోగశాల చేసుకున్నాడు. కీలు లోపల మత్తు లేకుండా, గొట్టంలాంటి కెమెరా పంపించి, సన్నటి పరికరంతో ఒక్కో భాగాన్నీ నొక్కించుకుంటూ, ఎక్కడ ఎంత నొప్పి పుడుతోందో స్పృహలో ఉండి చెప్పాడు. 1998లో ఆ ఫలితాలు ప్రచురించాడు. చిప్ప వెనకున్న మృదులాస్థిని నొక్కితే ఆయనకు ఏమీ తెలియలేదు, అక్కడ అప్పటికే కొంత చెడిపోయి ఉన్నా సరే. చిప్ప కిందుండే కొవ్వు దిండును, కీలు లోపలి పొరను తాకగానే ప్రాణం పోయినంత పనైంది. మెట్టు దిగేటప్పుడు సూదిలా పొడిచేది చాలామందిలో ఆ పొరలు, కొవ్వు, మృదులాస్థి అడుగునున్న ఎముక. ఇవి చిరాకుపడితే కొద్దిరోజుల్లో సర్దుకోగలవు. అరిగిపోవడానికీ చిరాకుపడటానికీ మధ్య ఎంత దూరమో ఆ మూడో వారంలో నాకెవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఆయనే ఇంకో మంచి ఊహ కూడా ఇచ్చాడు. ప్రతి మోకాలికీ తట్టుకోగల బరువు చుట్టూ ఒక గిరి ఉంటుంది. గిరి లోపల ఎంత తిరిగినా ఏమీ కాదు. ఒకేసారి పెద్ద బరువుతో గానీ, చిన్న బరువును మరీ ఎక్కువసార్లు మోపి గానీ గిరి దాటితే కీలు అలుగుతుంది. అలిగిన కీలు గిరి చిన్నదైపోతుంది. నిన్నటిదాకా నొప్పి లేని మెట్లు ఇవాళ నొప్పి పెట్టేది అందుకే. ఇక్కడే మనం పొరబడతాం. పూర్తిగా పడుకుంటే నొప్పి తగ్గుతుంది, కానీ కండ కరిగి గిరి ఇంకా కుంచించుకుపోతుంది. నెల తర్వాత అదే మనిషి, అదే పార్కు, మొదటి రోజే నొప్పి. "చూశావా, నడక నాకు పడదు" అనేస్తాం. మోకాలిలో కొద్దిగా నీరు చేరినా తొడ ముందు కండరం దానంతట అదే మొద్దుబారుతుంది, కాబట్టి ఈ జారుడు ఇంకా వేగంగా సాగుతుంది.

మరి స్కానింగ్‌లో చిరుగు కనిపించిందే అంటారా? అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 50 నుంచి 90 ఏళ్ల మధ్య వయసున్న 991 మంది మోకాళ్లకు ఎంఆర్ఐ తీసి చూసి, 2008లో ఫలితాలు ప్రచురించారు. తొడ ఎముకకూ కాలి ఎముకకూ మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగినవారిలో 61 శాతం మందికి అంతకుముందు నెల రోజుల్లో ఏ నొప్పీ, పట్టేయడమూ లేదు. అంటే యాభై దాటిన మోకాలిలో చిరుగు చాలాసార్లు తలలో తెల్లవెంట్రుక లాంటిది. నొప్పి వచ్చాక ఫొటో తీస్తే అది కనిపిస్తుంది, కనిపించినదాని మీద నేరం పడుతుంది. ఫిన్లండ్ వైద్యులు ఇంకా గట్టి పరీక్ష పెట్టి 2013లో ఫలితాలు చెప్పారు. దెబ్బ తగలకుండా వయసుతో మెనిస్కస్ చిరిగిన 146 మందిలో సగం మందికి చిరిగిన భాగం కత్తిరించారు. మిగతా సగానికి కోసినట్టు నటించి కుట్లు వేశారు. ఏడాది తర్వాత రెండు జట్ల నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది పడి, మెలికపడి హఠాత్తుగా చిరిగిన మోకాలికి వర్తించదు, అది వేరే కథ. నడక మొదలుపెట్టిన మూడో వారపు నొప్పికి ఆపరేషను మాట ముందుగా వినిపిస్తే మాత్రం ఇంకో డాక్టరును కూడా అడగడం మంచిది.

పరిగెడితే మోకాళ్లు అరుగుతాయన్న నమ్మకమూ అంతే. పాత అధ్యయనాలన్నీ కలిపి 2017లో వేసిన లెక్కలో సరదాకు పరిగెత్తేవారిలో తుంటి, మోకాలి కీళ్లవాతం 3.5 శాతం, కదలకుండా కూర్చునేవారిలో 10.2 శాతం, పోటీల స్థాయి రన్నర్లలో 13.3 శాతం. కీళ్లు బాగున్నవారే పరుగు కొనసాగిస్తారన్న అభ్యంతరం ఉండనే ఉంది. అయినా మృదులాస్థికి తిండి అందే తీరు చూస్తే ఈ అంకెలు వింతేమీ కాదు. రక్తనాళాలు లేని ఆ పొర స్పంజిలాంటిది. బరువు పడితే పిండుకుని, బరువు తీస్తే చుట్టూ ఉన్న ద్రవాన్ని పీల్చుకుని బతుకుతుంది. కదలికే దానికి అన్నం.

ఎక్కడ నొప్పి?

వేలితో చూపించగలిగితే సగం తెలిసినట్టే. చిప్ప చుట్టూ, చిప్ప వెనక, సరిగ్గా ఇక్కడని చెప్పలేనట్టు ఉండి, మెట్ల మీదా గొంతుకూర్చున్నప్పుడూ పెరిగితే అది చిప్పకూ తొడ ఎముకకూ మధ్య తగాదా. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినవారిలో అతి మామూలుగా కనిపించేది ఇదే. దీనికి ఇంకో గుర్తుంది. మోకాలు మడిచి ఎక్కువసేపు కూర్చుంటే నొప్పి పుట్టి, కాలు చాపాలనిపిస్తుంది. వైద్యపుస్తకాల్లో దానికి సినిమా హాలు లక్షణం అని పేరు. ఆ పేరు పెట్టిన పాశ్చాత్యులు గంటన్నర సినిమాలు చూసేవారు. మూడు గంటల మన సినిమాకు ఇంటర్వెల్ ఎంత అవసరమో ఈ నొప్పి ఉన్నవారికి తెలుసు.

చిప్ప కింద అంచున ఒకే చోట వేలు పెట్టినట్టు నొప్పి, గెంతినప్పుడు పెరిగితే అక్కడి టెండన్‌ను అనుమానించాలి. బ్యాడ్మింటన్ మొదలుపెట్టినవారిలో ఇది కనిపిస్తుంది. పరుగెత్తేవారికి మోకాలి బయటివైపు, ప్రతిసారీ ఇంచుమించు ఒకే దూరంలో మొదలై ఇక అడుగు వేయనివ్వని నొప్పి వస్తే, తుంటి నుంచి మోకాలి దాకా తొడ పక్కన సాగే పట్టీ కారణం. పల్లం దారిలో అది ఇంకా రెచ్చిపోతుంది. లోపలివైపు కీలు గీతకు రెండు మూడు వేళ్ల కింద నొక్కితే నొప్పి, ముఖ్యంగా బరువెక్కువ ఉన్న నడివయసు స్త్రీలలో, అక్కడి టెండన్ల కింది నీటి సంచి వాపు కావచ్చు. దాన్ని కీళ్లవాతమని పొరబడటం మామూలే. సైకిలు తొక్కేవారు ముందు సీటు ఎత్తు చూసుకోవాలి, మరీ కిందికి ఉంటే చిప్ప ముందు భాగం నొప్పి పెడుతుంది.

ఇక తుంటి. మోకాలి నొప్పికి తుంటి కండరాల వ్యాయామం ఇస్తే చాలామంది అనుమానంగా చూస్తారు. ఇది బోడిగుండుకూ మోకాలికీ ముడి వేసే బాపతు కాదు. ఒంటికాలి మీద మెట్టు దిగేటప్పుడు తుంటి పక్క కండరం బలహీనంగా ఉంటే తొడ లోపలికి వాలుతుంది, చిప్ప తన గాడిలో సరిగా నడవదు. అద్దం ముందు ఒంటికాలి మీద నిలబడి కొంచెం మోకాలు వంచి చూడండి, మోకాలు బొటనవేలి వైపు ఒరిగిపోతుంటే సంగతి అదే. పైగా తుంటి కీలులో పుట్టిన నొప్పి కొన్నిసార్లు మోకాలిలో మాత్రమే తెలుస్తుంది.

ఇంకో చిన్న హెచ్చరిక. రక్తపరీక్ష తర్వాత నడకతోపాటు కొలెస్టరాల్ మాత్ర కూడా మొదలైందా? రెండు తొడలూ ఒకేలా నొప్పి పెడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, మాత్ర మాత్రం సొంతంగా మానకూడదు.

ఎదురుచూడకుండా వెళ్లాల్సిన సందర్భాలు కూడా ఇక్కడే చెప్పేస్తాను. టప్‌మని చప్పుడై కొన్ని గంటల్లోనే మోకాలు బూరెలా ఉబ్బితే లోపల రక్తం చేరినట్టు, ఎముకను ఎముకకు కట్టే లిగమెంట్ తెగి ఉండవచ్చు. మోకాలు మధ్యలో ఇరుక్కుపోయి చాపలేకపోవడం, నడుస్తుంటే ఉన్నట్టుండి కాలు తప్పిపోవడం కూడా ఆలస్యం చేయదగినవి కావు. కీలు ఎర్రగా, వేడిగా మారి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రి. పిక్క ఒకవైపే వాచి బిగుసుకుపోతే రక్తం గడ్డకట్టిందేమో చూడాలి. దెబ్బ తగిలిన మోకాలికి ఎక్స్‌రే ఎప్పుడు అవసరమో తేల్చడానికి కెనడా వైద్యులు ఒట్టావా నియమం తయారుచేశారు. వయసు 55 గానీ అంతకన్నా ఎక్కువ గానీ అయినా, ఒక్క చిప్ప మీదే నొక్కితే నొప్పి ఉన్నా, మోకాలి కింద బయటివైపు ఎముక తల నొప్పి పెట్టినా, మోకాలు 90 డిగ్రీలు వంగకపోయినా, నాలుగు అడుగులు వేయలేకపోయినా ఎక్స్‌రే తీయించాలి. నొప్పి లేకుండా వచ్చే టకటక శబ్దానికి మాత్రం భయపడక్కర్లేదు. ఆ చప్పుడు విని నడక మానేసినవారిని చూశాను, వాళ్లను చూస్తే జాలేస్తుంది.

గోడకుర్చీ, గుంజీలు

మొదటి మూడు నాలుగు రోజులు మెట్లు, గెంతులు, గొంతుకూర్చోవడం ఆపి, నొప్పి రానంత దూరం చదును నేల మీద నడవడం చాలు. ఐస్ పెట్టాలా, కాపడం పెట్టాలా అన్నది తెగని తగువు. విశ్రాంతి, ఐస్, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కినే తర్వాత తన మాట సవరించుకున్నాడు, పూర్తి విశ్రాంతీ ఐసూ గాయం మానడాన్ని ఆలస్యం చేయవచ్చని. వాపు, వేడి ఉంటే ఐస్‌తో హాయిగా ఉంటుంది, పట్టేసినట్టుంటే కాపడంతో. ఏదైనా హాయికే, చికిత్స అనుకోకూడదు. నొప్పి మాత్ర వేసుకుని నడకకు వెళ్లడం మాత్రం నాకు అసలు నచ్చని పద్ధతి. అది కాపలా కుక్క నోరు కట్టేసి తలుపు తీసి పడుకోవడం. షుగరు, బీపీ ఉన్నవారికి ఆ మాత్రలతో కిడ్నీల బెడద కూడా ఉంటుంది.

తర్వాత అసలు పని, తొడనూ తుంటినీ బలపరచడం. నవ్వొచ్చే విషయం ఏమిటంటే, ఫిజియోథెరపిస్టు నాకు నేర్పిన మొదటి వ్యాయామం ఏడో తరగతిలో లెక్కల మాస్టారు వేయించిన శిక్షే. గోడకుర్చీ! గోడకు వీపు ఆనించి, నొప్పి రానంతవరకే జారి, ముప్ఫై నుంచి నలభై అయిదు సెకన్లు అలాగే ఉండటం, అయిదు సార్లు. కదలకుండా బిగబట్టే ఇలాంటి వ్యాయామం చిరాకుగా ఉన్న మోకాలు కూడా ఓర్చుకుంటుంది. రెండోది వెల్లకిలా పడుకుని మోకాలు వంచకుండా కాలు జానెడు పైకెత్తడం. మూడోది పక్కకు తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం, ఇది తుంటికి. రెండు వారాలు గడిచాక గుంజీలు, చెవులు పట్టుకోనక్కర్లేదు. మొదట కుర్చీ అంచు దాకా కూర్చోబోయి లేవడం, ఆ తర్వాత నెమ్మదిగా కిందికి. రోజు విడిచి రోజు చేస్తే సరిపోతుంది. యోగాసనాలు వేసేవారు కొన్నాళ్లు వజ్రాసనం పక్కనపెడితే మంచిది, చిప్ప మీద అంత ఒత్తిడి ఇప్పుడు వద్దు.

ఎంత నొప్పి ఫరవాలేదు? పదికి మార్కులు వేసుకోండి. వ్యాయామం చేసేటప్పుడు మూడు దాటకుండా, మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి దిగిపోతే గిరి లోపలే ఉన్నట్టు. నాలుగైదు వచ్చినా, మర్నాడు మంచం దిగేటప్పుడు ముందురోజు కంటే ఎక్కువున్నా, నిన్న చేసినది ఎక్కువైంది, సగానికి తగ్గించాలి. నన్నడిగితే ఏ స్కానింగ్ కన్నా ఈ మర్నాటి పొద్దుటి మార్కు నమ్మదగినది. ఈలోగా మెట్లు తప్పకపోతే బాగున్న కాలితో ఎక్కి, నొప్పి కాలితో దిగడం గుర్తుంచుకుంటే చాలు.

పెంచడం దగ్గర వారానికి పది శాతం అనే నియమం ప్రచారంలో ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొత్త రన్నర్ల మీద దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు చెప్పారు. నెమ్మదిగా 13 వారాల పాటు పెంచినవారిలోనూ, 8 వారాల్లో పెంచినవారిలోనూ గాయాలు ఇంచుమించు సమానం, అయిదుగురిలో ఒకరికి. అంటే శాతం మంత్రం కాదు, మోకాలు చెప్పే మార్కే కొలత. నేను పాటించినది మొరటు పద్ధతి: దూరం, వేగం, మెట్లు, ఈ మూడింటిలో ఒక వారంలో ఒక్కదాన్నే ముట్టుకోవడం. మొదటి మూడు వారాల్లో నేను మూడింటినీ కలిపి పెంచాను. పరుగెత్తేవారికి ఇంకో ఉపాయం పనికొస్తుంది. అదే వేగంలో అంగలు కాస్త చిన్నవి చేసి, నిమిషానికి వేసే అడుగులు అయిదు నుంచి పది శాతం పెంచితే మోకాలి మీద పడే బరువు తగ్గుతుంది.

పదివేల అడుగుల లక్ష్యం గురించి కూడా చెప్పాలి. అది ఏ వైద్యసంఘమూ తేల్చిన అంకె కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరు మాంపో-కే, అంటే పదివేల అడుగుల మీటరు. అక్కడి నుంచి ఆ అంకె మన ఫోన్లలోకి వచ్చి కూర్చుంది. రాత్రి తొమ్మిదింటికి ఎనిమిది వేలు చూపిస్తోందని మిగతా రెండు వేలకోసం హాల్లో గుండ్రంగా తిరిగిన రోజులు నాకూ ఉన్నాయి. బరువు తగ్గడం దానికన్నా లాభం. కీళ్లవాతం ఉన్న పెద్దవారి మీద 2005లో చేసిన లెక్కలో, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గింది.

అలిపిరి దారిలో మెట్లు 3,550. చివర్లో నిటారుగా వచ్చే భాగానికి మోకాళ్ల పర్వతమని పేరు. పవిత్రమైన కొండను పాదాలతో తొక్కరాదని రామానుజులు అక్కడ మోకాళ్ల మీద ఎక్కారని చెబుతారు. మొక్కు తీర్చుకోవడానికి నాకు అనుకున్నదానికంటే అయిదు నెలలు ఎక్కువ పట్టింది. అందులో చివరి రెండు నెలలు వారానికి రెండుసార్లు మెట్లు సాధన చేశాను, పైకి నడక, కిందికి లిఫ్టు. కొండ మీద దర్శనమయ్యాక వెంట వచ్చిన మా బావమరిది మెట్ల మీదుగానే దిగుదామన్నాడు. అతన్ని అటు పంపి నేను బస్సెక్కాను.